డాల్ఫిన్లను లెక్కపెట్టే ముందు: ఏం కొలవాలో తేల్చుకోవడం ఎలా?

మన కృష్ణలో డాల్ఫిన్లు లేవు. జూరాల నుంచి వాడపల్లి దాకా తిరిగితే మొసళ్లు, తాబేళ్లు, అదృష్టం బాగుంటే నీటికుక్కలు కనిపిస్తాయి. అయినా ఈ వ్యాసం నల్లగొండ, పాలమూరు పిల్లల కోసమే. ఇక్కడ డిగ్రీలో జువాలజీ చదివి, పై చదువులకు వెళ్లి, గంగ మీదో చిలికా మీదో సర్వే పనిలో చేరేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "సార్, డాల్ఫిన్లను ఎట్లా లెక్కపెట్టాలె?" పద్ధతులు నేర్చుకోవడం అంత కష్టమేమీ కాదు. మనం చూడాల్సిన విషయానికి అసలు డాల్ఫిన్ల లెక్కే కావాలా, ఇంకేదైనా కొలవాలా అన్నది తేల్చుకోవడమే కష్టం. డబ్బు, రోజులు వృథా అయ్యేది ఇక్కడే.

మన దేశంలో నదీ డాల్ఫిన్ల తొలి సమగ్ర అంచనా 2025 మార్చిలో విడుదలైంది. ఎనిమిది రాష్ట్రాల్లోని 28 నదుల్లో ఎనిమిదిన్నర వేల కిలోమీటర్లకు పైగా తిరిగి తేల్చిన సంఖ్య 6,327. ఉత్తరప్రదేశ్‌లో 2,397, బిహార్‌లో 2,220, పంజాబ్‌లో మూడంటే మూడే. దేశానికి ఇలాంటి లెక్క ఒకటి ఉండాల్సిందే. కానీ ఒక యాభై అరవై కిలోమీటర్ల నదిని చూసుకునే అటవీ అధికారి వచ్చే ఎండాకాలం ఏం చేయాలో ఈ అంకెను చూసి తేల్చుకోలేడు. ఆయనకు కావాల్సిన కొలతలు వేరు. వాటిని ఎంచుకునే పని వరుసగా చూద్దాం.

మొదటి అడుగు: ఎవరు ఏం చేయగలరో రాసుకోండి

తెల్ల కాగితం మీద మూడు సంగతులు రాయండి. మీ రిపోర్టు చదివేది ఎవరు? వాళ్ల చేతిలో ఉన్న పనులేమిటి? ఎన్నాళ్లలోపు వాళ్లకు జవాబు కావాలి?

విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యాన్ని తీసుకుందాం. బిహార్‌లోని భాగల్‌పూర్ జిల్లాలో సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా ఉన్న గంగను 1991లో అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి సిబ్బంది ఫలానా మడుగు దగ్గర వలలు వేయకుండా ఆపొచ్చు. గస్తీ పెంచొచ్చు. పడవల దారి కాస్త మార్చమని అడగొచ్చు. ఎండాకాలం నీళ్లు వదలమని పైవాళ్లకు రాయొచ్చు. 1975 నుంచి నదికి అడ్డంగా ఉన్న ఫరక్కా బ్యారేజీని మాత్రం వాళ్లు కదిలించలేరు. మీరు కొలిచే ప్రతిదీ వాళ్లు చేయగలిగిన ఈ కొద్దిపాటి పనుల్లో ఏదో ఒకదానికి ముడిపడి ఉండాలి.

ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రతి కొలత పక్కనా ఒక వాక్యం రాయండి: "ఇది ఇంత దాటితే ఫలానా వాళ్లు ఫలానా పని చేస్తారు." రాయలేకపోతే ఆ కొలతను కొట్టేయండి. మొహమాటం వద్దు. స్టూడెంట్ ప్రపోజల్ ఏది చూసినా నీటి పీహెచ్ ఉంటుంది. ఎందుకని అడిగితే డిపార్ట్‌మెంట్‌లో మీటర్ ఉంది కదా అంటారు. అది 7.6 నుంచి 8.0కి మారితే ఎవరేం చేస్తారంటే మాత్రం జవాబు ఉండదు. నీటి నాణ్యత అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అలాంటి చోట నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవడానికి గట్టి కారణం ఉంది, ఎవరిని నిలదీయాలో కూడా తెలుసు. కారణం ముందు దొరకాలి, మీటర్ తర్వాత తీయాలి.

రెండో అడుగు: ఆ జీవి బతుకుతీరు ఏం కొలవనిస్తుందో చూడండి

గంగా డాల్ఫిన్‌కు చూపు దాదాపు లేనట్టే. బురద నీటిలో సన్నటి శబ్దాలు వదిలి, వాటి ప్రతిధ్వనిని బట్టి చేపను పట్టుకుంటుంది. ఊపిరి కోసం పైకి వచ్చినప్పుడు మనకు కనిపించేది ఒకటి రెండు క్షణాలు. ఆ తర్వాత అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా నీటి కిందే. వీపు మీద రెక్క కూడా సరిగా ఉండదు, చిన్న గూను అంతే. అందువల్ల ఫొటో చూసి ఇది ఫలానా డాల్ఫిన్ అని చెప్పడం చాలా కష్టం.

చిలికా సరస్సులోని ఇరావడి డాల్ఫిన్ల సంగతి వేరు. వాటి వీపు రెక్క మీద గాట్లు, మచ్చలు ఉంటాయి. అవి మొత్తం కలిపినా నూట యాభై చుట్టుపక్కలే కాబట్టి ఫొటోలతో ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టి, ఏది ఎన్నేళ్లు కనిపించిందో రాసుకోవచ్చు. చిలికాలో చక్కగా పనిచేసిన పద్ధతిని పట్టుకెళ్లి గంగలో పెడితే కెమెరా ఖర్చు తప్ప ఏమీ మిగలదు.

ఇంకో సంగతి, కాన్పులు. గంగా డాల్ఫిన్ ఒక ఈతకు ఒకే పిల్లను కంటుంది, అదీ రెండు మూడేళ్లకోసారి. డాల్ఫిన్లు, తిమింగలాల కుటుంబానికి అన్నీ కలిసొచ్చినా ఏడాదికి నాలుగు శాతం పెరుగుదలనే గరిష్ఠంగా లెక్కలోకి తీసుకోవడం ఆనవాయితీ. కాబట్టి నిరుడు 60 ఉన్నవి ఈ ఏడు 80 అయ్యాయని ఎవరైనా చెబితే, ఆ ఇరవై పుట్టుకొచ్చినవి కావు. పక్క పాయల్లోంచి వచ్చి ఉండాలి, లేదా లెక్కపెట్టిన తీరే మారి ఉండాలి. పేపర్లలో "డాల్ఫిన్లు పెరిగాయి" అని హెడ్డింగ్ కనిపించినప్పుడల్లా ఈ నాలుగు శాతాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి.

మూడో అడుగు: మొత్తం సంఖ్య మీద పెట్టుకోదగిన నమ్మకం ఎంత?

పడవలో వెళ్తూ చూసినవన్నీ కూడితే వచ్చేది కనిపించిన వాటి లెక్కే. ఉన్నవి ఎన్నో తెలియాలంటే తప్పిపోయిన వాటిని అంచనా వేయాలి. కొన్ని నీటి కింద ఉన్నప్పుడు పడవ దాటిపోతుంది. పడవ నెమ్మదిగా నడిస్తే ఈ నష్టం తగ్గుతుంది. ఇంకొన్ని పైకి వస్తాయి గానీ మనం ఆ క్షణంలో అటు చూడం. దీనికి మాత్రం మంచి ఉపాయం ఉంది. ఒకే పడవలో రెండు జట్లు పెట్టాలి, ముందు ఒకటి, వెనుక ఒకటి. మధ్యలో మాటలు, సైగలు ఉండకూడదు. ఎవరికి వాళ్లు టైమ్, దిశ, దూరం రాసుకోవాలి.

ఒక లెక్క చేద్దాం. ముందు జట్టు 24 చూసింది. వెనుక జట్టు 20 చూసింది. టైమ్, దూరం సరిపోల్చితే 16 ఇద్దరూ చూసినవే అని తేలింది. అంటే వెనుక జట్టు చూసిన 20లో 16, అంటే 80 శాతం, ముందు జట్టు కంట కూడా పడ్డాయి. ముందు జట్టు చూపు 80 శాతం అయితే, వాళ్లు చూసిన 24 మొత్తంలో 80 శాతం కావాలి. మొత్తం 30. ఎవరూ చూడనివి కూడా ఈ 30లోకి వచ్చేశాయి. ఇంటర్‌లో నేర్చుకున్న నిష్పత్తులతో ఇంత పని జరుగుతుంది.

ఇంత జాగ్రత్తగా చేసినా అంచనాకు ఊగిసలాట తప్పదు. మీ అంచనా 60 అనుకోండి, దాని ప్రామాణిక దోషం (అంచనా సగటున ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పే కొలత) 20 శాతం అనుకోండి. క్షేత్రంలో ఇది చెడ్డ ఫలితమేమీ కాదు. అప్పుడు అసలు సంఖ్య సుమారు 36 నుంచి 84 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. ఇప్పుడు ఏటా ఐదు శాతం చొప్పున డాల్ఫిన్లు తగ్గుతున్నాయని ఊహించండి. ఐదేళ్లకు 46 అవుతాయి. పదేళ్లకు 36. సగానికి పడిపోవడానికి పదమూడు, పద్నాలుగేళ్లు. ఐదో ఏట మీ సర్వేలో 46 వచ్చినా అది మొదటి ఏటి ఊగిసలాటలోనే ఉంది. తగ్గాయని మీరు గట్టిగా అనలేరు. మీటింగ్‌లో ఎవరో ఒకరు "లెక్కలో తేడా అయ్యుంటుంది లెండి" అంటారు, వాళ్లను తప్పుపట్టడానికీ ఉండదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికా జలాల్లోని సముద్ర క్షీరదాల సర్వేలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. పదిహేనేళ్లలో సంఖ్య సగానికి పడిపోయినా, అప్పటి సర్వేలు జరుగుతున్న తీరులో డాల్ఫిన్లు, వాటికి దగ్గరి చుట్టాలైన పోర్పాయిస్‌ల విషయంలో 78 శాతం పతనాలు పట్టుబడవని అందులో తేలింది. అంత డబ్బు, అన్ని ఓడలు ఉన్నచోటే పరిస్థితి అది.

అందుకని నా సలహా ఇది: మొత్తం సంఖ్యను ఏటా అరకొరగా లెక్కించి మురిసిపోవడం కంటే మూడేళ్లకోసారి రెండు జట్లతో గట్టిగా చేయండి. మిగతా కాలంలో, తొందరగా హెచ్చరించే కొలతల మీద చేతిలో ఉన్న మనుషులను పెట్టండి.

నాలుగో అడుగు: చావులు, వలలు

తొందరగా హెచ్చరించే కొలత ఏదంటే నేను ముందు చావులే అంటాను. ఎందుకో ఒక చిన్న గుణకారంతో అర్థమవుతుంది. మనుషుల వల్ల ఎన్ని చనిపోయినా ఆ గుంపు తట్టుకోగలదో అంచనా వేసే పద్ధతి ఒకటి 1994లో అమెరికా చట్టంలో చేరింది. మీ అంచనాలో జాగ్రత్త కోసం తక్కువ వైపు అంకె తీసుకోవాలి, లెక్క తేలిగ్గా ఉండేందుకు ఇక్కడ ఆ అంకే 60 అనుకుందాం. గరిష్ఠ పెరుగుదల నాలుగు శాతంలో సగం, అంటే 0.02తో గుణించాలి. బాగా ప్రమాదంలో ఉన్న జాతి అయితే మళ్లీ 0.1తో గుణించాలి. జవాబు 0.12. అంటే ఎనిమిదేళ్లకు ఒక డాల్ఫిన్.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. 60 డాల్ఫిన్లున్న చోట ఒకే ఏడాదిలో వలలో పడి రెండు చనిపోతే, పదహారేళ్లకు సరిపడా నష్టం ఆ ఏడాదే జరిగిపోయింది. మొత్తం సంఖ్య సర్వేలో ఆ రెండూ కనిపించనే కనిపించవు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరం ముందు నిలబడి రాసే షీట్ మాత్రం ఆ రోజే చెబుతుంది.

ఆ షీట్‌లో ఏముండాలి? తేదీ, జీపీఎస్, ఆడో మగో, మూతి చివర నుంచి తోక మధ్య గాటు దాకా తిన్నని పొడవు, రెండు పక్కలా ఫొటోలు, కుళ్లిన స్థాయి. మూతిని దగ్గరగా చూడండి. గంగా డాల్ఫిన్‌కు పొడుగాటి సన్నని మూతి, నిండా పళ్లు. వల ముందు అక్కడే చిక్కుకుంటుంది. చర్మం మీద సన్నని గీతలు ఉంటే వల, లోతైన సమాంతర కోతలు ఉంటే పడవ పంకా అని అనుమానించాలి. అటవీ శాఖ వాళ్లు రాకుండా ముట్టుకోవద్దు. అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లోని జీవి.

అదే షెడ్యూల్ వల్ల ఒక చిక్కు కూడా ఉంది. వలలో చచ్చిన డాల్ఫిన్‌ను చూపిస్తే కేసు పెడతారేమోనని జాలరికి భయం. రాత్రికి రాత్రే ఎక్కడో పూడ్చేస్తాడు. డాల్ఫిన్ నూనెను చేపలకు ఎరగా వాడే చోట్ల కళేబరం అసలు బయటికే రాదు. కాబట్టి మీకు తెలిసిన చావులు ఎప్పుడూ నిజం కంటే తక్కువే. పైగా జాలర్లతో మంచిగా మాట్లాడి నమ్మకం సంపాదించిన ఏడాది చావుల సంఖ్య ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడకుండా ఉండాలంటే ఎన్ని ఊళ్లు తిరిగారు, ఎందరితో మాట్లాడారు అనేది కూడా ప్రతి నెలా రాసి ఉండాలి.

చావులు దొరకని చోట వాటికి కారణమైన దాన్నే కొలవండి. పడవలో వెళ్తూ కిలోమీటరుకు ఎన్ని మీటర్ల వల నీటిలో ఉంది, ఏ రకం వల, కన్ను ఎంత, ఏ వేళకు వేసి ఏ వేళకు తీస్తున్నారు. ఇది డిగ్రీ పిల్లలు కూడా చేయగలిగిన పని. వలల్లో రకాలుంటాయని, ఒక్కోదాని నష్టం ఒక్కోలా ఉంటుందని సోమశిల, కొల్లాపూర్ వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చేప పిల్లలను కూడా ఊడ్చేసే సన్న కన్ను అలివి వలల గొడవలు చూస్తూ పెరిగినవాళ్లే వాళ్లు.

మెక్సికోలోని వకీటా కథ ఇక్కడ చెప్పాలి. అది డాల్ఫిన్లకు దగ్గరి చుట్టం, చిన్న పోర్పాయిస్. 1997 సర్వేలో 567 ఉన్నాయని అంచనా. తర్వాత నీటి కింద శబ్దాలను రికార్డు చేసే పరికరాలు పెట్టారు. 2011 నుంచి 2015 మధ్య ఏటా సగటున 34 శాతం చొప్పున తగ్గుతున్నాయని ఆ రికార్డులు చూపించాయి. 2016 నాటికి మిగిలినవి దాదాపు 30. కొలత చక్కగా పనిచేసింది. అక్కడి వలలు మాత్రం ఆగలేదు. చైనాలోని యాంగ్‌ట్జీ నది డాల్ఫిన్ బైజీకి ఆ మాత్రం కూడా జరగలేదు. 2006లో ఆరు వారాలు నదంతా గాలించినా ఒక్కటీ కనిపించలేదు.

ఐదో అడుగు: ఎక్కడ ఉంటున్నాయి?

స్కాట్లండ్ ఈశాన్య తీరంలో మోరే ఫర్త్ అనే రక్షిత ప్రాంతం ఉంది, బాటిల్‌నోస్ డాల్ఫిన్ల కోసం. కొన్నేళ్లకు ఆ ప్రాంతాన్ని వాడుకునే డాల్ఫిన్ల శాతం తగ్గుతూ వచ్చింది. శాతం మాత్రమే కొలిస్తే గుండె గుభేల్మనాలి. కానీ లోపల తిరిగే వాటి సంఖ్య నిలకడగానే ఉంది. మొత్తం గుంపు పెరిగి, దక్షిణాన తీరం వెంట విస్తరించడం వల్ల శాతం తగ్గింది. హద్దు మనం గీసుకున్నది, డాల్ఫిన్‌కు దాంతో పనిలేదు.

గంగలో దీనికి తిరగబడిన సంగతి జరగొచ్చు. ఎండాకాలం చుట్టూ నీళ్లు అడుగంటితే డాల్ఫిన్లన్నీ లోతైన మడుగుల్లోకి, నదులు కలిసే చోట్లకు చేరతాయి. ఆ మడుగు మీ హద్దులో ఉంటే మీ లెక్క పెరుగుతుంది, బయట పరిస్థితి మాత్రం పాడై ఉంటుంది. అందుకే నదిని ఒకటి రెండు కిలోమీటర్ల ముక్కలుగా చేసి, ప్రతి ముక్కలో డాల్ఫిన్ కనిపించిందా లేదా, అక్కడ లోతెంత అని రాయండి. హద్దుకు రెండువైపులా బయట కొన్ని ముక్కలు తప్పకుండా కలపండి.

ఆరో అడుగు: పిల్లలు, శబ్దాలు

పిల్లల శాతం చూడటానికి బాగుంటుంది, కానీ గుడ్డిగా నమ్మొద్దు. ఏటా ఒకే నెలలో, వీలైతే అదే మనుషులతో చూడాలి. కొత్తగా వచ్చినవాళ్లు చిన్న డాల్ఫిన్ దేన్ని చూసినా పిల్ల అనేస్తారు. శబ్ద పరికరాలు రాత్రీ పగలూ పనిచేస్తాయి, అలసిపోవు. అయితే అవి చెప్పేది డాల్ఫిన్ల కదలిక ఎంత ఉందనే, ఎన్ని ఉన్నాయని కాదు. బడ్జెట్ ఉంటే రెండు మూడు మడుగుల్లో పెట్టండి. లేకపోతే బాధపడకండి.

ఏడో అడుగు: ముందు కృష్ణ మీద చేయి తిప్పుకోండి

గంగకు వెళ్లేలోపు ఇవన్నీ ఇక్కడే సాధన చేయొచ్చు, నీటికుక్కల మీద. నాగార్జునసాగర్ వెనుక జలాల్లో, అమ్రాబాద్ అడవి అంచు రాళ్ల మీద వాటి ఆనవాళ్ల కోసం వెతకండి. అది టైగర్ రిజర్వు కాబట్టి అటవీ శాఖ పర్మిషన్ లేకుండా అడుగు పెట్టొద్దు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి, మొసళ్ల సంగతి గుర్తుంచుకోండి.

నీటికుక్కలు గుంపుగా తిరుగుతాయి, నీటి ఒడ్డున కొన్ని చోట్లనే మళ్లీ మళ్లీ విసర్జిస్తాయి. ఎండిన మలాన్ని పుల్లతో విడదీసి చూడండి. చేప పొలుసులు మెరుస్తూ కనిపిస్తాయి, ఎండ్రకాయ పెంకు ముక్కలు ఉంటాయి, చేపల వాసన ముక్కుకు కొడుతుంది. తాజాది తడిగా, నల్లగా ఉంటుంది. పాతది తెల్లబడి, పొడిపొడిగా రాలిపోతుంది. ఒకే రాయి మీద ఇరవై కుప్పలున్నా అవి రెండు జంతువులవో పన్నెండువో చెప్పలేం. కాబట్టి ఇక్కడ సంఖ్య జోలికి పోకుండా, ఒడ్డును అర కిలోమీటరు ముక్కలుగా చేసి, తాజా మలం ఉన్న ముక్కలెన్ని అని కొలవండి.

అసలు పాఠం నీటిమట్టం దగ్గర ఉంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. వరద వచ్చి డ్యామ్ నిండితే నీటికుక్కలు వాడే రాళ్లు మునిగిపోతాయి. ఆ నెల మీ షీట్ నిండా లేవు, లేవు అనే ఉంటుంది. వేసవిలో మట్టం దిగాక ఒడ్డంతా బయటపడి ఆనవాళ్లు కుప్పలుగా కనిపిస్తాయి. నీటికుక్కలు మాత్రం రెండుసార్లూ అక్కడే ఉండి ఉండొచ్చు. "నీళ్లు దిగినంక రాండ్రి సార్, అప్పుడైతె రాళ్లన్ని తేల్తయ్" అని చేపలు పట్టేవాళ్లు చెప్పే మాటలోనే పద్ధతి అంతా ఉంది. రెండేళ్లను పోల్చేటప్పుడు ఒకే తేదీ కంటే ఒకే మట్టం చూసుకోవడం మేలు. డ్యామ్ మట్టం రోజూ పేపర్లో వస్తుంది, షీట్ పైన రాసుకోండి. గంగలోనైనా ఇంతే. నీటిమట్టం, గాలి, అలలు, ఎండ మెరుపు, ఎన్ని గంటలు చూశారు, ఎంత దూరం పోయారు అనేవి లేని లెక్కను పక్క ఏడాదితో పోల్చలేం.

ఎనిమిదో అడుగు: జాబితాను కుదించండి

అరవై డాల్ఫిన్లున్న ఒక నది ముక్కకు నన్ను ఎంచమంటే ఇలా ఎంచుతాను. ప్రతి నెలా చావులు, వాటి కారణాలు. దాంతోపాటే కిలోమీటరుకు వల మీటర్లు. ఏటా ఎండాకాలం చివర్లో ఒకసారి డాల్ఫిన్లున్న ముక్కలు, వాటి లోతు, అదే సర్వేలో పిల్లలు. మూడేళ్లకోసారి రెండు జట్లతో మొత్తం సంఖ్య. ఇక ఆపేస్తాను. ఇంకో పది కొలతలు కలపమని ఎవరో ఒకరు అంటారు. పదేళ్ల తర్వాత ఈ పని ఎవరు చేస్తారు, వాళ్లకు డీజిల్ ఎక్కడిది అని తిరిగి అడగండి.

పద్ధతిని ఒక పుస్తకంలో వివరంగా రాయండి: పడవ వేగం, కంటి ఎత్తు, జట్టులో ఎందరు, ఎంతసేపటికి మనిషి మారాలి. తర్వాతి ఏళ్లలో మంచి పద్ధతి దొరికితే పాతదాన్ని వెంటనే మానేయకండి. ఒకటి రెండేళ్లు రెండూ పక్కపక్కనే చేస్తే పాత అంకెలను కొత్త వాటితో కలపడానికి దారి దొరుకుతుంది.

రోజంతా తిరిగి ఒక్కటీ కనిపించకపోయినా షీట్ నింపాలి, సున్నా అని రాసి సంతకం పెట్టాలి. ఆ రోజు షీట్ పడేస్తే మీ సగటు అబద్ధం చెబుతుంది. షీట్ల స్కాన్ కాపీలు ఒకటి రేంజ్ ఆఫీసులో, ఒకటి మీ కాలేజీ డిపార్ట్‌మెంట్‌లో ఉంచండి. ప్రాజెక్టు డబ్బులు అయిపోగానే డేటా అంతా సొంత ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకుని వేరే ఉద్యోగానికి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.